గండికోట టెంటు బిల్లు, ధర్మవరం అవ్వ సంగటి

గండికోటకు వెళ్లండి. అయితే చీకటి పడేలోపు అక్కణ్ణుంచి బయటపడి జమ్మలమడుగులో ఏదో ఒక లాడ్జి చూసుకోండి. టూరిజం వాళ్ల హరిత హోటల్లో ముందుగానే గది దొరికితే ఇంకా మంచిది. పొలాల్లో వెలసిన టెంట్ల జోలికి మాత్రం పోకండి. మా డబ్బు ఎలాగూ పోయింది, మీదైనా మిగులుతుందని రాస్తున్నాను.

మేం నలుగురం హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్నాం. డిసెంబరులో జ్యూరీ, అంటే సెమిస్టరు చివర మా పని చూసి మార్కులేసేది, అయిపోయింది, ఇంటర్న్‌షిప్పులు జనవరిలో. ఆ మధ్య ఖాళీలో సీమ వైపు కారేసుకుని పోదామన్నది యానిమేషన్. వాడి ఊరు ధర్మవరం. పేర్లు ఎందుకులెండి, మేం ఎలాగూ బ్రాంచి పేర్లతోనే పిలుచుకుంటాం. కారు తెచ్చినవాడు ప్రోడక్ట్. అది వాళ్లన్న స్విఫ్టు, గీత పడితే ఇంటికి రావద్దని చెప్పి మరీ తాళాలిచ్చాడట. నా రూమ్మేట్ గ్రాఫిక్స్. నేను టెక్స్‌టైల్స్. ప్రోడక్ట్‌కి ఒక జబ్బుంది. పడని గొళ్లెం, చెయ్యి పట్టని కుళాయి, తలకిందులుగా బిగించిన స్విచ్చి ఎక్కడ కనబడినా ఫొటో తీసి ఫోన్లో ఒక ఫోల్డర్లో దాచుకుంటాడు. కర్నూలు దాకా దాని మీదే నవ్వుకున్నాం. ఆ ఫోల్డరే తర్వాత మాకు 600 రూపాయలు మిగిల్చింది.

కర్నూలు వరకు హైవే గురించి చెప్పడానికేమీ లేదు. బనగానపల్లె దాటాక మాత్రం కళ్లు నిలబడతాయి. ఇంటి గోడకీ, పొలం గట్టుకీ, పశువుల కొట్టానికీ, అంగడి అరుగుకీ అన్నింటికీ నాపరాయే. పలకలు నిలువుగా పాతేసి కంచె అనుకుంటారు. దొరికే రాయితో అవసరమైనంత పని. మా మెటీరియల్స్ క్లాసు మొత్తం అక్కడ రోడ్డు పక్కనే ఉంది.

బెలుం గుహలు బాగున్నాయి. పైన చూస్తే చదును నేల, పొలాలు. మెట్లు దిగితే లోపల ఇంకో ఊరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు, 1982, 83లో గెబావర్ అనే జర్మన్ ఒక బృందంతో వచ్చి కొలిచాడు, జనానికి తెరిచింది 2002లో. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కొంత భాగమే మనకు చూపిస్తారు. అన్నిటికంటే లోతు పాతాళగంగ, 46 మీటర్లు. లోపల చలువగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి, చొక్కా పిండితే నీళ్లు కారతాయి. నూలు బట్టలు వేసుకోండి, నీళ్ల సీసా మరవకండి. యానిమేషన్‌కి ఇరుకు చోట్లంటే భయం. సగం నుంచే వెనక్కి తిరిగి పైకెళ్లి సోడా తాగుతూ కూర్చున్నాడు. తర్వాత మేం ఏం చెప్పినా "ఫొటోల్లో చూశాలే" అన్నాడు.

ఇక టెంటు.

సోషల్ మీడియాలో ఒక పేజీ చూసి బుక్ చేశాం. లోయ అంచున రాళ్ల మీద నారింజ రంగు టెంటు, పక్కన మంట, నెత్తిన చుక్కలు. "క్లిఫ్ వ్యూ స్టే" అని పేరు. మనిషికి 1,800. రాత్రి భోజనం, బార్బెక్యూ, క్యాంప్ ఫైర్, పొద్దున టిఫిను అన్నీ అందులోనే అన్నారు. నలుగురికి 7,200. సగం, అంటే 3,600, ముందే యూపీఐలో పంపించుకున్నారు.

లొకేషన్ చూపించిన చోటికి వెళితే అది పంట పీకేసిన చెనక్కాయ చేను. టెంట్లు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు, రెండింటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. లోయ ఎక్కడ అంటే అక్కడున్న కుర్రాడు ఎటో చెయ్యి ఊపాడు. రెండు కిలోమీటర్లు.

"మరి వ్యూ?" అంది గ్రాఫిక్స్.

"వ్యూ యాడికీ పోదక్కా. పొద్దున నడిస్తే వస్తాది."

ఎంత ధీమాగా అన్నాడంటే, కాసేపు మేమే ఏదో అడక్కూడనిది అడిగామేమో అనిపించింది.

క్యాంప్ ఫైర్ ఉంది కానీ కట్టెలు లేవు. కట్టెలకు 500. డిసెంబరు రాత్రి ఆ కొండల మీద గాలి ఎముకలు కొరుకుతుంది, దుప్పట్లు మాత్రం ప్యాకేజీలో లేవట. ఒక్కోటి 150, నాలుగింటికి 600. వాటికి ముందు రాత్రి ఎవరో తాగిన సిగరెట్ల వాసన. బార్బెక్యూ అంటే ఇనప చువ్వకి గుచ్చిన ఎనిమిది ముక్కలు, మనిషికి రెండు. గ్రాఫిక్స్ మాంసం తినదు, ఆమె వంతు రెండూ పనీరు ఇస్తామని బుకింగ్‌లో రాసి ఉంది. పనీరు అయిపోయిందన్నారు. అప్పటికి ఇంకా సగం టెంట్ల వాళ్లు దిగనే లేదు, అయిపోవడానికి ఎవరు తిన్నారో. ఆమె అన్నంలో నీళ్ల సాంబారు పోసుకుని తిని, ఒక్క మాట మాట్లాడకుండా చెయ్యి కడుక్కుంది. ఆమె అలా మాట్లాడకుండా ఉంటే మాకు భయం.

మొత్తం శిబిరానికి మరుగుదొడ్డి ఒకటే. రేకు తలుపు, లోపల గడియ లేదు. నీళ్లు డ్రమ్ములో, చెంబు ఎక్కడో. నేను లోపలుంటే గ్రాఫిక్స్ కాపలా, ఆమె లోపలుంటే నేను. ఆడపిల్లలతో వెళ్లేవాళ్లు బుక్ చేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న వ్యూ గురించి కాదు, మరుగుదొడ్లు ఎన్ని, గడియలు ఉన్నాయా అని. అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగాయి. పక్క టెంటులో బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం, చంటిపిల్ల నిద్రపోక ఏడుస్తోంది. ఆ పిల్ల తండ్రి వెళ్లి బతిమాలితే పది నిమిషాలు తగ్గించి మళ్లీ పెంచారు.

నిద్ర పట్టక గ్రాఫిక్స్ ఆ పేజీలోని ఫొటోని ఫోన్లో పెద్దది చేసి చూస్తూ పడుకుంది. ఉన్నట్టుండి నన్ను మోచేత్తో పొడిచింది. "రాళ్ల నీడ ఎడమకి పడుతోంది చూడు. టెంటు నీడ కుడికి. అతికించారే దీన్ని!" ఇక తెల్లారేదాకా ఆ అంచులు ఎంత చెత్తగా కత్తిరించారో, మంట వెలుగు టెంటు గుడ్డ మీద ఎందుకు పడలేదో చెబుతూనే ఉంది. మోసపోయినందుకు కాదు ఆమె కోపం, ఇంత నాసిరకం పనికి మోసపోయినందుకు.

పొద్దున టిఫిను చల్లారి గడ్డకట్టిన ఉప్మా. ఎనిమిదికల్లా ఖాళీ చెయ్యాలన్నారు. మిగతా 3,600, కట్టెలు దుప్పట్ల 1,100 కట్టేశాక మేనేజరునంటూ ఒకాయన వచ్చి, టెంటు జిప్పు చెడిపోయింది, 600 ఇవ్వమన్నాడు. యానిమేషన్ గొంతు పెంచాడు. ఆయనా పెంచాడు. ప్రోడక్ట్ ఏమీ అనకుండా ఫోన్ తీసి ఫోల్డరు తెరిచాడు. ముందురోజు సాయంత్రం 6:12కి, సంచులు లోపల పెట్టకముందే తీసిన ఫొటో. పళ్లు ఊడిన జిప్పు, పట్టుకుని లాగే పిడి ఉండాల్సిన చోట గోనెతాడు ముడి. "ఈ తాడు మేం తెచ్చింది కాదు కదండీ" అన్నాడు మర్యాదగా. మేనేజరు ఫొటోని రెండుసార్లు చూసి, "సరేలే, పోండి" అన్నాడు. ఆ తర్వాత కారులో ప్రోడక్ట్ మొహం చూడాలి.

గ్రాఫిక్స్ ఆ రోజే నీడల మీద బాణం గుర్తులు గీసి మరీ రివ్యూ పెట్టింది. రెండు గంటల్లో ఫోన్ వచ్చింది, తీసేస్తే 500 వెనక్కిస్తామని. ఆమె తియ్యలేదు. మీకు టెంటులోనే పడుకోవాలని పట్టుదల ఉంటే, ఫొటోలు కాదు, వీడియో కాల్ అడగండి. టెంటు దగ్గర నిలబడి లోయ చూపించమనండి. దుప్పటి, కట్టెలు కలిపేనా అని మెసేజ్‌లో రాయించుకోండి. అడ్వాన్సు సగం అడిగేవాళ్లకి దండం పెట్టి వచ్చేయండి.

ఇంత తిట్టుకున్నా, కోటలో అడుగుపెట్టాక అది మరుగునపడింది. మసీదు దాటి బండరాళ్ల మీద నుంచి ఎక్కి అంచుకు చేరితే కింద పెన్నా, రెండు వైపులా పలకలు పలకలుగా పేర్చినట్టు ఎర్రరాయి. కంచె లేదు, గాలి తోసేస్తుంది, సెల్ఫీల కోసం చివరిదాకా పోయేవాళ్లని చూస్తే మనకు కాళ్లు వణుకుతాయి. దీన్ని ఇండియా గ్రాండ్ కెన్యన్ అని ఎందుకు పిలుస్తారో నాకర్థం కాదు, గండికోట అన్న పేరు సరిపోదా? అందరూ లోయ దగ్గరే ఆగిపోతారు, మీరు ధాన్యాగారమూ, మాధవరాయ ఆలయమూ కూడా చూడండి. ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ 1652లో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. అతని దగ్గర దుప్పటికి విడిగా తీసుకున్నారో లేదో.

తాడిపత్రి చేరేసరికి ఆకలితో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో ఉగ్గాణి, బజ్జీ, ప్లేటు 45. నాది వరంగల్, ఇంతకుముందు దీని పేరు విన్నానంతే. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన పొడవాటి మిరపకాయ బజ్జీలు రెండు. ముద్దకొక కొరుకు. కళ్లల్లో నీళ్లు వస్తున్నా ఇంకో ప్లేటు చెప్పాం. 1,800 ప్యాకేజీలో లేని వేడి ఆ 45లో ఉంది. గ్రాఫిక్స్ అక్కడ మొదటిసారి నవ్వింది. ఊళ్లో రెండు గుళ్లూ చూడాలి, చింతల వెంకటరమణుడిదీ, పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడిదీ. సమయం లేకపోతే బుగ్గ గుడి ఒక్కటి చాలు. పైభాగం కట్టకుండా ఆగిపోయిన గోపురాలున్నాయి అక్కడ. ఆ రాతి చెక్కడం ముందు నిలబడితే అవి పూర్తికాలేదన్న సంగతి గుర్తురాదు.

ధర్మవరంలో యానిమేషన్ ఇల్లు. గుమ్మంలోనే వాళ్ల అవ్వ. "రాండి నాయనా, ఇంత పొద్దుపాయెనే" అంటూ కాళ్లకి నీళ్లిచ్చింది. ఏమీ ప్రత్యేకంగా చెయ్యలేదంటూనే రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరుబిండి, గ్రాఫిక్స్ కోసం విడిగా పుల్లగూర పెట్టింది. హైదరాబాద్ హోటళ్లలో సంగటి తిని నాకది నచ్చదని తేల్చేసుకున్నాను. అక్కడ పైన ఆరిపోయి, లోపల జిగటగా వస్తుంది. ఈ ముద్ద వేలు పెడితే ఆవిరి వచ్చింది. నమలకూడదు, తుంచి పులుసులో అద్ది మింగెయ్యాలి అని యానిమేషన్ పాఠం చెప్పాడు. ముద్ద మధ్యలో గుంట చేసి అవ్వ నెయ్యి పోసింది. వద్దంటే వినదు. "ఇంగ రోంత ఏసుకో మ్మా, గాలొస్తే ఎగిరిపోయేట్టుండావు" అని గ్రాఫిక్స్‌ని. పనీరు సంగతి విని అవ్వ టెంటు వాళ్లని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పొద్దుటి నుంచి స్టీరింగు పట్టుకుని విసుగ్గా ఉన్న ప్రోడక్ట్ మూడు ముద్దలు తిని, వంటింట్లోకి వెళ్లి సంగటి గెలికే కట్టెని ఫొటో తీశాడు. అడిగితే, "ఇది ఆ ఫోల్డర్లోకి కాదు, కొత్తది తెరిచా" అన్నాడు.

రాత్రి మంచాలు, బొంతలు, దోమతెర. లోపలి నుంచి పడే గడియ.

పొద్దున వాడి నాన్న మగ్గం చూపించారు. గుంట మగ్గం, పైన డిజైను ప్రకారం దారాలు లేపే జకార్డు, దానికి వరసగా కుట్టిన అట్టలు. పడుగుది, అంటే నిలువు దారానిదొక రంగు, పేకది, అంటే అడ్డం దారానిదొక రంగు కావడంతో చీర కదిలిస్తే రంగు మారుతుంది. ధర్మవరం చీరకి వెడల్పాటి జరీ అంచు ఎంత పేరో ఈ రెండు రంగుల మెరుపూ అంతే. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాలు చేనేతకే కేటాయించినా, మరమగ్గం చీరని చేతి మగ్గానిదని అమ్మేవాళ్లకి కొదవ లేదు. దుకాణంలో ఎలా పోల్చుకోవాలంటే, చీర అంచుల చివర చూడమన్నారు. మగ్గం మీద బట్ట వెడల్పు బిగపట్టే కర్ర మొనలు గుచ్చుకున్న సన్నటి చిల్లులు అక్కడ వరసగా ఉండాలి.  సెమిస్టరంతా స్లైడ్లలో చూసింది అక్కడ గంటలో చేతికి తెలిసింది. బయల్దేరేటప్పుడు అవ్వకి ఏమైనా ఇద్దామని చూస్తే ఎదురు ఒక డబ్బా నిప్పట్లు కారులో పెట్టించింది.

అక్కడికి దగ్గరే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేం వెళ్లిన ఇంట్లో వాకిట్లో ఒకాయన మేకతోలు మీద గీత గీస్తున్నారు, భార్య చిల్లులు కొడుతున్నారు. ఒకప్పుడు దేవుళ్ల బొమ్మలకి జింక తోలు వాడేవారు, ఇప్పుడంతా మేకదే. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుగు దాటేంత పలచనవుతుంది. బొమ్మకి నగలన్నీ ఆ చిల్లులే, వెనక దీపం పెడితేనే మెరుస్తాయి. ఆట చూసే జనం తగ్గాక అదే పని దీపాల తొడుగుల మీదికి మారింది.

గ్రాఫిక్స్ ఒక చిన్న దీపం తొడుగు ఎంచుకుంది. 850. అలవాటుగా 600 కి అడిగింది. ఆయన కోప్పడలేదు. తొడుగులో బల్బు పెట్టి వెలిగించి, "చిల్లులు లెక్కబెట్టుకో తల్లీ, ఏది ఎక్కువైందో చెప్పు తీసేస్తా" అన్నారు. ఆమె 850 ఇచ్చి తీసుకుంది. నాకు ఉలి ఇచ్చి పనికిరాని తోలు ముక్క మీద కొట్టమన్నారు. సూటిగా నాలుగు చిల్లులు పడవు మనకి. నేర్పినందుకు డబ్బులు తీసుకోరు, కాబట్టి ఏదో ఒకటి కొనండి. నేను 300 పెట్టి బుక్‌మార్కుల కట్ట కొన్నాను. ఇంట్లో పెట్టుకునేటప్పుడు ఎల్‌ఈడీ బల్బే వాడమన్నారు, వేడెక్కే బల్బుకి తోలు ముడుచుకుపోతుందట. తడి కూడా తగలకూడదు.

రాత్రికి హిందూపురం. లాడ్జిలో గది 1,100, రెండు గదులు, వేడినీళ్లు వచ్చాయి, చెప్పడానికింకేమీ లేదు.

లేపాక్షికి పొద్దున్నే వెళ్లాం, ఎండ ఏటవాలుగా మండపంలోకి వచ్చేవేళ. అచ్యుతరాయల కాలంలో, 1530ల్లో విరూపణ్ణ కట్టించిన గుడి. వచ్చినవాళ్లంతా వేలాడే స్తంభం దగ్గర వరస కట్టి కిందనుంచి చున్నీలు, కర్చీఫులు దూర్చి ఫొటోలు తీసుకుంటారు. మా మగపిల్లలిద్దరూ అక్కడే ఉండిపోయారు. నాకు మాత్రం పైకప్పు చాలు. అర్జునుడి తపస్సు, పార్వతి పెళ్లి అని గైడు కథలు చెబుతుంటే నేను చీరలు చూస్తున్నాను. చారలు, గళ్లు, పూలు, ఒక్కొక్కరి కొంగు ఒక్కో తీరు, మగవాళ్లకి పొడవాటి కుళ్లాయిలు. ఒకే వరసలో నిలబడ్డ ఆడవాళ్లలో ఏ ఇద్దరి అంచూ ఒకేలా లేదు. ఇంత రంగు, ఇంత నేత ఐదు వందల ఏళ్ల కిందట ఒక చిత్రకారుడు కళ్లారా చూసి గీశాడంటే, మా కాలేజీలో ట్రెండ్ ఫోర్‌కాస్ట్ చెప్పే సార్‌ని ఒకసారి ఇక్కడికి పట్టుకు రావాలి. బయట లతా మండపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లు ఇప్పటికీ చీరల అంచుల్లోకి వస్తూనే ఉన్నాయి, నేను నోట్‌బుక్కు నింపుకున్నాను. చిన్న బైనాక్యులర్ తీసుకెళ్లండి, లేకపోతే మెడ పడిపోతుంది. నంది చూడటం మరవకండి, అది గుడికి కాస్త దూరంగా రోడ్డు పక్కన ఉంటుంది. గైడుకి 300 ఇచ్చాం, స్తంభాల గురించి బాగా చెప్పాడు, బొమ్మల గురించి తొందరపడ్డాడు.

తిరుగు ప్రయాణానికి ముందు ప్రోడక్ట్ పట్టుబట్టి బాగేపల్లి వైపు కర్ణాటక సరిహద్దు దాటించి పెట్రోలు కొట్టించాడు. లీటరుకు ఆరేడు రూపాయలు తక్కువ. అంత దూరం వెళ్లి రావడానికి అయిన పెట్రోలు లెక్క మేం అడగలేదు.

నలుగురికి కలిపి పెట్రోలు 7,850, టోల్ 1,120, టెంటు అన్నీ కలిపి 8,300, హిందూపురం లాడ్జి 2,200, తిండి, టికెట్లు, గైడు, పార్కింగు 4,200. మొత్తం 23,670, తలకి 5,917 రూపాయల చిల్లర. ఇందులో మూడో వంతుకు పైగా ఆ ఒక్క రాత్రిదే. కొన్న వస్తువులు ఎవరివి వాళ్లవి.

సంక్రాంతి అయ్యాక శని, ఆదివారాలు కలిసొస్తే పెడన వెళ్లాలని నేనూ గ్రాఫిక్సూ అనుకుంటున్నాం. అక్కడ కలంకారీ అద్దకం చేసే ఒకాయనకి ఫోన్ చేస్తే, మబ్బు పట్టిన రోజు రావద్దు, బట్ట ఆరదు, చూడటానికేమీ ఉండదు అన్నారు. బస కోసం ఈసారి గ్రాఫిక్స్ మచిలీపట్నం లాడ్జికి వీడియో కాల్ చేసి గొళ్లెం వేసి చూపించమంది. ప్రోడక్ట్ వస్తానంటున్నాడు కానీ కారు ఉండదట. వెనక బంపరు మీద గీత వాళ్లన్నకి కనబడింది.